పక్క మానిటర్‌లో ఫుల్ స్క్రీన్ వీడియో: చిక్కు ఏ పొరలో ఉంది?

ఒక మానిటర్ మీద పని, రెండో దాని మీద వీడియో. పాఠం చూస్తూ పక్కన కోడ్ రాసుకునే ఇంజనీరింగ్ విద్యార్థికీ, ఇంట్లో లాప్‌టాప్‌కి పెద్ద మానిటర్ తగిలించుకున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగికీ, ఓ కంట క్రికెట్ మ్యాచ్ చూస్తూ లెక్కలు పూర్తిచేసే అకౌంటెంట్‌కీ ఈ ఏర్పాటు అలవాటైపోయింది. చిక్కులూ అలవాటయ్యాయి. ఎడమ తెరలో క్లిక్ చేయగానే కుడి తెరలో వీడియో కుంచించుకుపోతుంది. లేదా బొమ్మ నల్లబడి మాటలు మాత్రం వినిపిస్తాయి. కావలసిన తెర వదిలేసి ఇంకో తెర నిండా పరుచుకుంటుంది. ఇటు పేజీ జరిపితే అటు బొమ్మ తడబడుతుంది. అన్నీ బాగున్నా అడుగున టాస్క్‌బార్ పట్టీ పోదు.

ఈ అయిదు ఫిర్యాదులకూ దొరికే సలహా మాత్రం ఒక్కటే: కాషె తుడిచేయండి, బ్రౌజర్ తీసేసి మళ్లీ వేయండి, డ్రైవర్ అప్‌డేట్ చేయండి, రీస్టార్ట్ చేయండి. ఇన్నేళ్లుగా పోగుపడిన పరిష్కారాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే నాకు కనిపించేది వేరు. ఇవి అయిదూ ఒకదానితో ఒకటి సంబంధం లేని అయిదు లోపాలు. ఎక్కడ తెగిందో తెలియకుండా చేసే మరమ్మతు కలిసొస్తే కుదురుతుంది, లేకపోతే ఒక సాయంత్రం దానికే పోతుంది.

వీడియో పక్కన ఉన్న చిన్న చతురస్రం గుర్తు నొక్కినప్పుడు జరిగే పని ఒకరి చేతిలో లేదు. వెబ్ పేజీ బ్రౌజర్‌ని అడుగుతుంది. బ్రౌజర్ తన కిటికీని తెరంత చేయమని ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడుగుతుంది. కిటికీలన్నిటినీ కలిపి ఒక్క బొమ్మగా కూర్చే కంపోజిటర్ అనే భాగం దాన్ని గ్రాఫిక్స్ డ్రైవర్‌కి అందిస్తుంది. చివరికి కేబుల్ మీదుగా మానిటర్ చేరుతుంది. ఈ అయిదు మెట్లలో ప్రతి ఒక్కటీ మొదట ఒకే తెరను మనసులో పెట్టుకుని తయారైంది. రెండో తెర తర్వాత వచ్చి చేరింది. ఇంట్లో దీపం ఆరిపోతే ముందు పక్కింట్లో కరెంటు ఉందో లేదో చూస్తాం, ఆ తర్వాతే బల్బు మీద చెయ్యి వేస్తాం. ఇక్కడా అదే వరస కావాలి.

క్లిక్ చేస్తే ఫుల్ స్క్రీన్ పోవడం అన్నిటికంటే పాత ఫిర్యాదు. దాని మూలం అడోబీ ఫ్లాష్ కాలంలో ఉంది. అప్పట్లో బ్రౌజర్ వీడియో అంటే ఫ్లాషే. ఫుల్ స్క్రీన్‌లో ఉన్న ఫ్లాష్ వీడియో మీద నుంచి ఫోకస్ తప్పితే, అంటే ఇంకో కిటికీలో ఎక్కడ క్లిక్ చేసినా, అది వెంటనే మామూలు సైజుకి వచ్చేసేది. దీని వెనక ఒక భద్రతా ఆలోచన ఉంది. తెర మొత్తం ఆక్రమించిన పేజీ నకిలీ లాగిన్ పెట్టె చూపించి పాస్‌వర్డ్ కొట్టేయవచ్చన్న భయంతో ఫ్లాష్ ఆ స్థితిలో కీబోర్డు టైపింగ్‌ని కూడా చాలాకాలం అనుమతించలేదు. ఒక్క తెర ఉన్నవాళ్లకు ఈ కట్టడి అడ్డు అనిపించలేదు. రెండు తెరలున్నవాళ్లకు రెండో తెర దండగైంది. విసిగిపోయి ప్లగిన్ ఫైలునే తెరిచి బైట్లు మార్చుకున్నవాళ్లూ ఉన్నారు. 2011 ఫిబ్రవరిలో ఫ్లాష్ 10.2 వచ్చి, ఒక మానిటర్‌లో వీడియో నిండుగా ఉండగానే ఇంకో మానిటర్‌లో పని చేసుకునే వీలు ఇచ్చింది. 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌కి అడోబీ మద్దతు ఆగింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయరే వీడియోలను అడ్డుకోవడం మొదలుపెట్టింది. అందుకే ఫ్లాష్ సెట్టింగ్స్ మార్చమనే పాత సలహా ఎక్కడ కనిపించినా పట్టించుకోనక్కర్లేదు.

ఇప్పటి వీడియోలు హెచ్‌టీఎంఎల్5 మీద నడుస్తాయి. యూట్యూబ్ 2015 జనవరిలోనే దాన్ని తన సహజ పద్ధతిగా చేసుకుంది. కొత్త ఫుల్ స్క్రీన్ పద్ధతిలో పక్క మానిటర్‌లో క్లిక్ చేసినంత మాత్రాన వీడియో చిన్నది కావాలన్న నియమం లేదు. అయినా అవుతోందంటే కారణం ఇంకోటి. ఎక్కువమంది గమనించని ఒక కారణాన్ని కాస్త దగ్గరగా చూద్దాం.

కుడి మానిటర్‌లో క్రోమ్ కిటికీ, అందులో వీడియో నిండుగా నడుస్తోంది. ఎడమ మానిటర్‌లో మెయిల్ ప్రోగ్రామ్ తెరిచి ఉంది. మెయిల్‌లో ఒక లింక్ నొక్కారు. ఆ లింక్ ఏ కిటికీలో తెరుచుకోవాలి? బ్రౌజర్ చివరిసారి వాడిన కిటికీని ఎంచుకుంటుంది. అది వీడియో ఉన్న కిటికీయే. అందులో కొత్త ట్యాబ్ పుడుతుంది, ట్యాబ్ మారింది కాబట్టి ఫుల్ స్క్రీన్ రద్దవుతుంది. చూసేవారికి మాత్రం ‘అక్కడ క్లిక్ చేస్తే ఇక్కడ పోయింది’ అనిపిస్తుంది. ఇక్కడ ఏ సెట్టింగూ చెడిపోలేదు, డ్రైవర్ తప్పూ లేదు. వీడియోకి వేరే బ్రౌజర్ కేటాయిస్తే సమస్య అక్కడితో సరి. రోజూ రెండు తెరలతో పనిచేసేవారికి నేను మొదట చెప్పే మార్పు ఇదే. ఖర్చు లేదు, మరుసటి అప్‌డేట్‌తో మళ్లీ చెడిపోయే ప్రమాదమూ లేదు.

ఇదే కోవలో ఇంకో రెండున్నాయి. కొన్ని సైట్లు ఫోకస్ పోయిందని తెలియగానే తమంతట తామే వీడియోని ఆపేస్తాయి లేదా చిన్నది చేస్తాయి. ప్రకటనల కోసం కొత్త కిటికీ తెరిచే సైట్లు కూడా ఫుల్ స్క్రీన్‌ని పడగొడతాయి. అదే వీడియో రకాన్ని ఇంకో సైట్‌లో నడిపి చూస్తే తేలిపోతుంది. అక్కడ నిలబడితే తప్పు మీ కంప్యూటర్‌ది కాదు. ఇక ఫుల్ స్క్రీన్ గుర్తు మసకబారి నొక్కడానికి వీల్లేకుండా ఉంటే, ఒక పేజీలో ఇంకో సైట్ వీడియోని పొదిగినవాళ్లు అందుకు అనుమతి రాయలేదన్నమాట. ఆ వీడియో అసలు సైట్‌కి వెళ్లి చూడటమే దారి.

వీడియో తప్పు తెర మీద తెరుచుకోవడం గురించి ఒక అపోహ ఉంది. సెట్టింగ్స్‌లో ‘మెయిన్ డిస్‌ప్లే’గా పెట్టుకున్న దాని మీదే ఫుల్ స్క్రీన్ వస్తుందని చాలామంది నమ్ముతారు. విండోస్ లెక్క వేరు: కిటికీ వైశాల్యంలో ఎక్కువ భాగం ఏ మానిటర్ మీద ఉంటే ఆ కిటికీ దానిదే. రెండు తెరల మధ్య సగం సగం నిలిపిన కిటికీ నాలుగు వేళ్ల వెడల్పు అటు ఉందా ఇటు ఉందా అన్నదాన్ని బట్టి వీడియో మకాం మారుతుంది. విండోస్ గుర్తు, షిఫ్ట్, బాణం కీ కలిపి నొక్కితే కిటికీ పూర్తిగా పక్క తెరకి దూకుతుంది. ముందు అది, తర్వాత ఫుల్ స్క్రీన్.

వీడియో తెరలో ఒక మూలకే పరిమితమైనా, అంచులు దాటిపోయినా అనుమానించాల్సింది స్కేలింగ్‌ని. లాప్‌టాప్ తెర చిన్నది కాబట్టి అక్షరాలు కనిపించాలని 150 శాతం పెట్టుకుంటాం, బయటి మానిటర్ 100 శాతంలో ఉంటుంది. ప్రతి మానిటర్‌కీ వేరు స్కేలింగ్ అనే వెసులుబాటు విండోస్‌లో 2013 నాటి 8.1తో మొదలైంది. కిటికీ ఒక తెర నుంచి ఇంకో తెరకి వెళ్లినప్పుడు బ్రౌజర్ కొలతలు మళ్లీ వేసుకోవాలి. అది తప్పితే పాత కొలతతోనే తెరుచుకుంటుంది. యూట్యూబ్ వీడియో మీద మౌస్ కుడి బటన్ నొక్కి ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ ఎంచుకుంటే వ్యూపోర్ట్ అనే వరస వస్తుంది. 1920×1080 లాప్‌టాప్ తెర 150 శాతంలో ఉంటే అక్కడ 1280×720, దాని పక్కన 1.50 అని ఉండాలి. బయటి మానిటర్‌కి మార్చాక కూడా ఆ 1.50 అలాగే మిగిలిపోతే దొంగ దొరికినట్టే. రెండు తెరలకూ తాత్కాలికంగా ఒకే స్కేలింగ్ పెట్టి చూడండి.

టాస్క్‌బార్ అడుగున ఉండిపోవడం గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. మీ దృష్టి కోరుతున్న ప్రోగ్రామ్ ఏదైనా టాస్క్‌బార్‌లో మెరుస్తుంటే పట్టీ పైకి వచ్చి నిలుస్తుంది. దాన్ని ఒకసారి తెరిచి మూస్తే పోతుంది. పోకపోతే టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్‌ని రీస్టార్ట్ చేయాలి. తెరిచి ఉన్న పనులేవీ చెడవు.

మ్యాక్‌లో కథ వేరు. 2011 జులైలో వచ్చిన లయన్‌లో ఆపిల్ ఫుల్ స్క్రీన్‌ని గొప్పగా ప్రవేశపెట్టింది కానీ, ఒక తెర మీద ఒక ప్రోగ్రామ్ నిండుగా తెరుచుకుంటే మిగతా తెరల మీద బూడిదరంగు నేత గుడ్డలాంటి బొమ్మ తప్ప ఏమీ మిగిలేది కాదు. డబ్బు పెట్టి రెండో మానిటర్ కొన్నవాళ్లకు అది నిజంగా అన్యాయం. రెండేళ్లకు పైగా అలాగే నడిచింది. 2013 అక్టోబర్ నాటి మావరిక్స్‌లో ప్రతి తెరకీ వేరు స్పేస్‌లు ఇచ్చే సెట్టింగ్ వచ్చింది. నేటికీ మ్యాక్‌లో ‘ఒక తెర నిండితే రెండోది నల్లబడుతోంది’ అంటే తొంగిచూడాల్సింది అక్కడే: సిస్టమ్ సెట్టింగ్స్‌లో డెస్క్‌టాప్ అండ్ డాక్, అందులో ‘డిస్‌ప్లేస్ హావ్ సెపరేట్ స్పేసెస్’. ఆన్ చేశాక లాగవుట్ అయి మళ్లీ రావాలి. అది చేయకుండానే ‘మార్చినా ఫలితం లేదు’ అనుకుని వదిలేసేవాళ్లు చాలామంది.

ఇక బొమ్మ తడబడటం. మన సినిమాలు సెకనుకి 24 ఫ్రేములతో తీసినవి. 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకి 60 సార్లు తెరను తాజా చేస్తుంది. 60ని 24తో భాగిస్తే రెండున్నర. కాబట్టి ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతది మూడుసార్లు నిలుస్తుంది. కెమెరా మెల్లగా పక్కకి తిరిగే షాట్లలో ఆ చిన్న కుదుపు కనిపిస్తుంది. 144 హెర్ట్జ్ తెర మీద ప్రతి ఫ్రేముకీ సరిగ్గా ఆరు వంతులు వస్తాయి కాబట్టి కుదుపు ఉండదు. ఈ లెక్క తెలియక మామూలు కుదుపుని కూడా లోపమనుకుని డ్రైవర్లు మార్చేవారున్నారు. అసలు లోపం ఒక తెర 144, ఇంకోటి 60గా ఉన్నప్పుడు మొదలవుతుంది. విండోస్‌లో కిటికీలన్నీ కూర్చే కంపోజిటర్ విస్టాతో వచ్చింది, విండోస్ 8 నుంచి దాన్ని ఆపే వీలే లేదు. రెండు వేర్వేరు వేగాల తెరలకు ఒకే తాళం వేయబోయి అది చాలా ఏళ్లు తడబడింది. ఒక తెరలో ఏదైనా కదిలితే ఇంకో తెరలో కదలిక మొద్దుబారేది. 2020 మేలో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 2004 తర్వాత పరిస్థితి చాలా మెరుగైంది. పాత కూర్పు మీద ఉన్నవాళ్లు ఏ సెట్టింగూ ముట్టుకోకుండా ముందు విండోస్‌ని అప్‌డేట్ చేసుకోవాలి.

అయినా తడబాటు తగ్గకపోతే ఒక ప్రయోగం: రెండు మానిటర్లనీ 60 హెర్ట్జ్‌కి తెచ్చి అదే వీడియోలో అదే చోటు చూడండి. ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’లో జారిపోయిన ఫ్రేముల లెక్క ఉంటుంది. ఆ అంకె పెరగకుండా నిలబడితే కారణం వేగాల తేడాయే. 60లోనూ పెరుగుతుంటే తప్పు వేరే చోట. లాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉండటం అందులో ఒకటి. హెచ్‌డీఎంఐ పోర్టు చాలా గేమింగ్ లాప్‌టాప్‌లలో పెద్ద చిప్‌కి కలిపి ఉంటుంది, బ్రౌజర్ మాత్రం బ్యాటరీ ఆదా కోసం చిన్న చిప్ మీద నడుస్తుంది. ప్రతి ఫ్రేమూ ఒక చిప్ నుంచి ఇంకో చిప్‌కి నకలు కావాలి. విండోస్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే కింద గ్రాఫిక్స్ అనే పేజీలో బ్రౌజర్‌కి ఏ చిప్ వాడాలో చెప్పవచ్చు. కేబుల్‌నీ మరిచిపోకూడదు. హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు 4కే తెరకి సెకనుకి 30 సార్లే ఇవ్వగలదు. మానిటర్ ఎంత మంచిదైనా అందులో 60 ఫ్రేముల మ్యాచ్ మృదువుగా రాదు.

తెర మినుకుమినుకుమనడం, ఫుల్ స్క్రీన్ చేసిన మరుక్షణం ఒక సెకను నల్లబడి మళ్లీ రావడం ఇంకో రకం. మల్టీప్లేన్ ఓవర్‌లే అనే సదుపాయం ఇందులో తరచు ముద్దాయి. వీడియోని మిగతా కిటికీలతో కలపకుండా నేరుగా తెరకి పంపించి కరెంటు ఆదా చేయడం దాని పని. డ్రైవర్, విండోస్, బ్రౌజర్ ముగ్గురూ ఒకే మాట మీద లేనప్పుడు రెండో మానిటర్ మీద అది చెదిరిపోతుంది. దాన్ని ఆపి పరీక్షించమని ఎన్‌విడియా కంపెనీయే ఒక రిజిస్ట్రీ ఫైలు విడుదల చేసింది. డీడబ్ల్యూఎం కింద ‘ఓవర్‌లే టెస్ట్ మోడ్’ విలువ 5గా పెట్టడం అందులోని సారం. ఇది చివరి అస్త్రంగానే ఉండాలని నా అభిప్రాయం. ముందు డ్రైవర్ కొత్తది వేసి, అది వచ్చాకే మొదలైన సమస్య అయితే పాతదానికి వెనక్కి వెళ్లి, అప్పటికీ లొంగకపోతేనే రిజిస్ట్రీ.

ఇక్కడే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ మాట చెప్పుకోవాలి. క్రోమ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ అనే భాగంలో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ స్విచ్ ఉంటుంది. ‘దాన్ని ఆపేయండి’ అన్నది ప్రతి చిక్కుకీ వినిపించే మందు. ఆపితే చాలాసార్లు పనిచేస్తుంది, ఎందుకంటే గ్రాఫిక్స్ చిప్, డ్రైవర్, ఓవర్‌లే అన్నిటినీ ఒక్కసారిగా దారి తప్పించినట్టవుతుంది. కానీ వీడియో విప్పే పనంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. లాప్‌టాప్ వేడెక్కుతుంది, ఫ్యాన్ మోత మొదలవుతుంది, 4కే వీడియో నడవలేక నిలుస్తుంది. నేను దీన్ని పరీక్షగా ఒప్పుకుంటాను, శాశ్వత చికిత్సగా ఒప్పుకోను. ఆపితే బాగుపడిందంటే తప్పు బ్రౌజర్‌లో కాదు, గ్రాఫిక్స్ వైపు ఉందని తేలింది. ఆ సమాచారం తీసుకుని స్విచ్ మళ్లీ ఆన్ చేసి, డ్రైవర్ సంగతి చూడాలి. క్రోమ్‌లో అడ్రస్ బార్‌లో క్రోమ్, కోలన్, రెండు గీతలు, జీపీయూ అని కొడితే వచ్చే పేజీలో ‘వీడియో డీకోడ్’ ఎదుట ఆకుపచ్చ అక్షరాలతో హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్ అని ఉందో లేదో కనిపిస్తుంది.

అన్నిటికంటే బాధ కలిగించేది నల్ల తెర. మాటలు వినిపిస్తాయి, సబ్‌టైటిల్స్ కూడా వస్తాయి, బొమ్మ ఉండదు. సొంతంగా తీసిన వీడియోలు, యూట్యూబ్ పాఠాలు బాగానే నడుస్తాయి. డబ్బు కట్టిన ఓటీటీ సినిమా మాత్రమే నల్లగా వస్తుంది. ఈ తేడా కనిపించిందంటే అది లోపం కాకపోవచ్చు, కావాలని పెట్టిన కట్టడి కావచ్చు. నకలు తీయకుండా కాపలా కాసే ఏర్పాట్లలో బ్రౌజర్ వైపు గూగుల్ వారి వైడ్‌వైన్, మైక్రోసాఫ్ట్ ప్లేరెడీ, ఆపిల్ ఫెయిర్‌ప్లే ఉన్నాయి. బ్రౌజర్ వాటిని పిలిచే పద్ధతిని వెబ్ ప్రమాణంగా చేస్తూ 2017 సెప్టెంబర్‌లో ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఆమోదముద్ర వేసినప్పుడు ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ నిరసనగా ఆ సంస్థ నుంచి తప్పుకుంది. కేబుల్ వైపు కాపలా హెచ్‌డీసీపీది. ఇంటెల్ రూపొందించిన ఈ పద్ధతిలో కంప్యూటర్, మానిటర్ ఒకదానికొకటి గుర్తింపు చూపించుకుంటేనే సినిమా సాగుతుంది.

రెండు మానిటర్లున్నప్పుడు ఈ నియమం మరీ కఠినమవుతుంది. కంప్యూటర్లో 4కే నాణ్యత కావాలంటే, వీడియో నడిచే మానిటర్ ఒక్కటే కాదు, కంప్యూటర్‌కి తగిలించిన ప్రతి మానిటరూ హెచ్‌డీసీపీ 2.2 అర్హతతో ఉండాలని నెట్‌ఫ్లిక్స్ షరతు. మంచి 4కే మానిటర్ పక్కన మెయిల్ చూసుకోవడానికి ఒక పాత మానిటర్ పెట్టుకున్నారనుకోండి, ఆ పాతది మొత్తం నాణ్యతను కిందికి లాగుతుంది. మన ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో వీజీఏ మానిటర్లు ఇంకా వాడుకలో ఉన్నాయి. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే చిన్న కన్వర్టర్ కొని తగిలిస్తారు. వీజీఏలో హెచ్‌డీసీపీ అనే మాటే లేదు. మ్యాక్‌లో సఫారీ ద్వారా నెట్‌ఫ్లిక్స్ చూస్తున్నప్పుడు ఈ తగాదా వస్తే ఎస్7363-1260-48444350 అనే తప్పు సంకేతం కనిపిస్తుంది. చివరి ఎనిమిది అంకెల్ని రెండేసి చొప్పున విడగొట్టి కంప్యూటర్ అక్షర పట్టికలో చూస్తే 48 అంటే హెచ్, 44 డి, 43 సి, 50 పి. జబ్బు పేరు సంకేతంలోనే రాసి ఉంది, చూసేవారికి అర్థమయ్యే భాషలో మాత్రం ఎవరూ రాయలేదు. డబ్బు కట్టిన వీక్షకుడికి ‘మీ రెండో మానిటర్ వల్ల ఆపాం’ అని ఒక్క వాక్యం చూపించడం ఈ కంపెనీలకు కష్టం కాదు. 2010లోనే హెచ్‌డీసీపీ తొలి తరం మూల తాళం బయటికి వచ్చింది, నిజమేనని ఇంటెల్ ధ్రువీకరించింది. నకలు తీసేవారిని ఆ తరం తాళం ఆపలేకపోయింది, నిజాయితీగా చూసేవారి తెర మాత్రం నల్లబడుతూనే ఉంది. ఈ విషయంలో నాకు కోపం ఉంది, దాచుకోను.

దీని పరీక్ష తేలిక. అనుమానం ఉన్న మానిటర్ కేబుల్ పీకేసి బ్రౌజర్ మూసి మళ్లీ తెరవండి. సినిమా నడిస్తే కారణం దొరికింది. స్క్రీన్ రికార్డింగ్, రిమోట్ డెస్క్‌టాప్, మీటింగ్‌లో స్క్రీన్ షేరింగ్ నడుస్తున్నా ఇదే నల్ల తెర వస్తుంది, వాటినీ మూసి చూడాలి. యూఎస్‌బీ ద్వారా అదనపు మానిటర్ తగిలించే డిస్‌ప్లేలింక్ అడాప్టర్ల సంగతి ఇంకా విచిత్రం. 2020 నాటి ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ ఒకే ఒక్క బయటి మానిటర్‌ని ఒప్పుకుంటుంది కాబట్టి చాలామంది రెండోదానికి ఈ అడాప్టర్ కొన్నారు. మ్యాక్‌లో అది పనిచేయాలంటే స్క్రీన్ రికార్డింగ్ అనుమతి ఇవ్వాలి, తెరను చదివి యూఎస్‌బీ మీదుగా పంపేది అదే కాబట్టి. ఎవరో రికార్డు చేస్తున్నారని ఓటీటీ కాపలా అనుకుంటుంది, బొమ్మ నల్లబడుతుంది. క్రోమ్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపితే సినిమా వస్తుంది, నాణ్యత తగ్గుతుంది. పైన నేను పరీక్ష మాత్రమే అన్న స్విచ్‌కి ఇదొక్కటే మినహాయింపు.

లినక్స్ సంగతి క్లుప్తంగా. పాత ఎక్స్11 పద్ధతిలో మానిటర్లన్నీ కలిసి ఒకే పెద్ద తెర. వేర్వేరు వేగాల మానిటర్లుంటే బొమ్మ అడ్డంగా చీలినట్టు కనిపించడం దానికి పుట్టుకతో వచ్చిన గుణం. వేలాండ్‌లో ప్రతి మానిటర్‌కీ వేరు లెక్క ఉంది కాబట్టి ఆ చీలిక పోతుంది. ఫెడోరా 2016లోనే 25వ కూర్పుతో వేలాండ్‌కి మారింది, ఉబుంటు 2021లో 21.04తో స్థిరపడింది. రెండు పద్ధతులూ ఇంకా ఉన్న కూర్పుల్లో, లాగిన్ తెర మీద పళ్లచక్రం గుర్తు నొక్కి రెండిటిలోనూ అదే వీడియో నడిపి చూడటమే అసలు పరీక్ష.

మన ఇళ్లలో రెండో మానిటర్ అంటే చాలాసార్లు హాల్లోని టీవీయే. పండగ రోజు కొత్త సినిమా ఓటీటీలోకి వస్తే లాప్‌టాప్ నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ వేస్తారు. విండోస్ గుర్తుతో పాటు పి నొక్కితే వచ్చే నాలుగు దారుల్లో చాలామంది డూప్లికేట్ ఎంచుకుంటారు. దానివల్ల రెండు తెరలూ ఒకే రిజల్యూషన్‌కి కట్టుబడాలి, టీవీ 4కే అయినా లాప్‌టాప్ స్థాయికి దిగుతుంది. ‘సెకండ్ స్క్రీన్ ఓన్లీ’ పెట్టుకుంటే బొమ్మ బాగుంటుంది, కాపలా చూసుకోవాల్సిన తెర కూడా ఒకటే మిగులుతుంది. ఇంటిల్లిపాదీ సినిమా చూస్తూ ఒకరు పక్కన మెయిల్ చూసుకోవాలనుకుంటేనే ఎక్స్‌టెండ్. బొమ్మ అంచులు తెగి సబ్‌టైటిల్స్ సగమే కనిపిస్తే అది టీవీలోని ఓవర్‌స్కాన్. టీవీ మెనూలో పిక్చర్ సైజు కింద ‘జస్ట్ స్కాన్’ లేదా ‘స్క్రీన్ ఫిట్’ అని ఉంటుంది. కంప్యూటర్లో ఎంత వెతికినా అది దొరకదు.

చిక్కులన్నీ తప్పించుకునే పక్కదారి ఒకటుంది, దానికి రావలసినంత పేరు రాలేదు. ఫైర్‌ఫాక్స్‌లో వీడియో మీద వచ్చే పిక్చర్ ఇన్ పిక్చర్ గుర్తు నొక్కితే వీడియో విడిగా చిన్న కిటికీగా తేలుతుంది. 2019 డిసెంబర్‌లో 71వ కూర్పుతో విండోస్‌లో వచ్చిన సదుపాయం ఇది. ఆ చిన్న కిటికీని పక్క మానిటర్‌కి లాగి దాని మీద రెండుసార్లు క్లిక్ చేస్తే అక్కడ నిండుగా పరుచుకుంటుంది. అసలు బ్రౌజర్ కిటికీ ఇటు తెరలో స్వేచ్ఛగా మిగులుతుంది, ట్యాబ్‌లు మార్చినా వీడియో కదలదు. మెయిల్ లింక్ నొక్కితే పడిపోయే ఫుల్ స్క్రీన్ చిక్కు ఇక్కడ అసలు పుట్టదు.

అసలైన పరిష్కారం సైటే ‘ఏ తెర మీద చూపించను?’ అని అడగగలగడం. క్రోమ్ 2022లో 100వ కూర్పుతో విండో మేనేజ్‌మెంట్ అనే సదుపాయం ఇచ్చింది. అనుమతి తీసుకున్నాక సైట్ మీకు ఎన్ని తెరలున్నాయో, ఏది ఎటువైపు ఉందో తెలుసుకుని కోరిన తెర మీదే ఫుల్ స్క్రీన్ తెరవగలదు. తెరల వివరాలు తెలిస్తే మనిషిని గుర్తుపట్టే దారి ఇంకొకటి తెరుచుకుంటుందన్న జంకు సబబే, అందుకే అనుమతి తప్పనిసరి చేశారు. ఇది క్రోమియం కుటుంబానికే పరిమితం కావడంతో ఓటీటీ సైట్లు దీని జోలికి పెద్దగా రాలేదు. తెలుగు ఓటీటీలు ముందుగా అందుకుంటే సంతోషిస్తాను. హాల్లో టీవీ, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని చూసే కుటుంబాలు వాటి వీక్షకుల్లో తక్కువేం కాదు.

ఇన్ని చూశాక కూడా లొంగని చిక్కు ఉంటే బ్రౌజర్ తయారుచేసినవారికి ఫిర్యాదు పంపాలి. ‘రెండో మానిటర్‌లో వీడియో రావట్లేదు’ అని పంపితే దాన్ని ఎవరూ ముట్టుకోరు. బ్రౌజర్ కూర్పు, ఆపరేటింగ్ సిస్టమ్ కూర్పు, ఒక్కో మానిటర్ రిజల్యూషన్, స్కేలింగ్ శాతం, హెర్ట్జ్, ఏ పోర్టుకి ఏ కేబుల్, మధ్యలో కన్వర్టర్ లేదా డాక్ ఉందా, ఒక మానిటర్ పీకేస్తే ఏమవుతోంది, యాక్సిలరేషన్ ఆపితే ఏమవుతోంది అన్నవి రాసి, జీపీయూ పేజీ పాఠాన్ని జతచేస్తే ఇంజనీరు దాన్ని తన బల్ల మీద తిరిగి పుట్టించి చూడగలడు.